నల్లమందు దుకాణం నుంచి సూది దాకా

మత్తుమందుకు లోబడిన మనిషిని మన సాహిత్యం చాలావరకు నీతికథలోని హెచ్చరికగానే చూసింది. అతని పతనానికి అతని బలహీనతే కారణమని తేల్చి కథ ముగించింది. చరిత్ర ఈ దృష్టిని సమర్థించదు.

గోదావరి మన్యంలో చలిజ్వరానికి నల్లమందు విరుగుడని జనం నమ్మారు. వైద్యుడు లేని చోట వారికి మరో గతి లేదు. దాన్ని అమ్మింది మాత్రం ప్రభుత్వం లైసెన్సిచ్చిన దుకాణం. 1878 నాటి నల్లమందు చట్టం ఆ వ్యాపారాన్ని సర్కారు గుప్పిట్లో ఉంచింది. 1893లో నియమించిన రాయల్ కమిషన్, 1895లో నివేదిక ఇస్తూ, వ్యాపారాన్ని నిషేధించనక్కర లేదన్నది. జ్వరపీడిత ప్రాంతాలకు నల్లమందు మేలు చేస్తుందన్న వాదన ఆ తీర్పుకు ఊతమయింది. ప్రజల రోగాన్నే ఖజానా తనకు సాక్షిగా నిలబెట్టుకున్నది!

స్వాతంత్ర్యానంతరం ఆ అమ్మకాలు క్రమంగా ఆగిపోయాయి. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చింది. నిన్నటి కొనుగోలుదారు నేటి ముద్దాయి అయ్యాడు. చికిత్సకు ముందుకొచ్చిన వ్యసనపరుడికి రక్షణ కల్పించే 64-ఏ సెక్షను తర్వాతి సవరణలో చేరింది. కాని లోకానికి తెలిసింది శిక్షే.

నల్లమందు తినే అలవాటు వెనకబడింది. దాన్నుంచి పుట్టిన హెరాయిన్, నొప్పి తగ్గించే ఇంజెక్షన్లు సూది ద్వారా ఒంట్లోకి వస్తున్నాయి. వాటితోపాటు 1989లో శాస్త్రజ్ఞులు గుర్తించిన హెపటైటిస్-సి వైరస్ కూడా వస్తున్నది. ఒకరు వాడిన సూది, సిరంజి మాత్రమే కాదు, మందు కలిపిన చెంచా, నీళ్లు, దూది పంచుకున్నా అది అంటుకోవచ్చు. ఏళ్ల తరబడి బయటపడకుండా కాలేయాన్ని పాడుచేస్తుంది. టీకా లేదు. 2019లో వెలువడిన ఎయిమ్స్ సర్వే, సూదితో మత్తుమందు తీసుకునేవారు దేశంలో 8.5 లక్షల మంది ఉంటారని అంచనా వేసింది. వారి సంఖ్య ఎక్కువగా ఉన్న రాష్ట్రాల జాబితాలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి.

మందు లేకపోలేదు. 2013లో అమెరికాలో అనుమతి పొందిన సోఫోస్బువిర్ పన్నెండు వారాల ధర అక్కడ 84,000 డాలర్లు. 2015 నాటికి హైదరాబాదులోని హెటెరో, నాట్కో కంపెనీలు లైసెన్సుతో దాన్ని తయారుచేసి, అందులో ఎంతో స్వల్ప ధరకు అమ్మాయి. 2018 జూలై 28న ప్రారంభమయిన జాతీయ కార్యక్రమం పరీక్షనూ మందులనూ ఉచితం చేసింది. మరో మందుతో కలిపి మూడు నెలలు వాడితే నూటికి తొంభై మందికి పైగా నయమవుతున్నది. అయితే నయమయినవాడు మళ్లీ పాత సూదే పంచుకుంటే రోగం తిరిగి రావచ్చు. అందుకే కొత్త సూదుల పంపిణీ, మత్తుమందుకు బదులిచ్చే బ్యూప్రెనార్ఫిన్ చికిత్స, వైరస్ మందు ఒకే చోట అందాలి. మత్తు మానేస్తేనే వైద్యం అనడం రోగిని గుమ్మం దగ్గరే ఆపేయడం.

ఈ గుమ్మం దగ్గరే సాహిత్యానికి పని ఉంది. 1881 డిసెంబరు 11న వీరేశలింగం గారు మన రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. వితంతువు దుఃఖాన్ని ఆమె కర్మఫలంగా చెప్పుకున్న సంఘానికి, అది తన దురాచారమని చూపించారు. సూది పట్టిన మనిషి విషయంలో మనమింకా కర్మ సిద్ధాంతం దగ్గరే ఉన్నాం. పోలీసుకు, ఇరుగుపొరుగుకు, చివరకు ఆసుపత్రి చీటీ రాసే గుమాస్తాకు జడిసి అతడు పరీక్షకు రాడు. ఆ జంకును పెంచే మాటల్లో మన కథలూ వాటా పంచుకున్నాయి.

అతణ్ణి మహాత్ముడుగా చిత్రించమని ఎవరూ అడగడం లేదు. అతనికి మత్తు అమ్మిందెవరు, మందు అందనివ్వనిదెవరు అన్న ప్రశ్నలు కథలోకి రావాలి. వాటిని వదిలేసిన రచన, ఎంత జాలి ఒలకబోసినా, అభ్యుదయ రచన కాలేదు.