ద్వీపాంతరం నుంచి డైవింగ్ దాకా

అండమాన్ దీవులకు తెలుగువారి ప్రయాణం విహారంతో మొదలవలేదు. 1857 తిరుగుబాటుకు మరుసటి ఏడే బ్రిటిష్ ప్రభుత్వం పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం పెట్టింది. ఉత్తరాదిలో కాలాపానీ అన్న శిక్షే తెలుగులో ద్వీపాంతరవాసం అయింది. గోదావరి మన్యంలో 1879-80 నాటి రంప పితూరీలో పట్టుబడినవారిలో కొందరికి ఆ శిక్ష పడింది. 1896లో కట్టడం మొదలై 1906కి పూర్తయిన సెల్యులార్ జైలు అప్పటికి ఇంకా లేదు. ఆ ఖైదీలకు సముద్రమే గోడ.

ఇప్పుడు డైవింగ్‌కు పేరుపడ్డ హేవ్‌లాక్ దీవి పేరులోనూ ఆ తిరుగుబాటు ఆనవాలు ఉంది. హెన్రీ హేవ్‌లాక్ 1857లో తిరుగుబాటుదారులతో పోరాడి, అదే ఏడు లక్నోలో చనిపోయిన సేనాని. పక్కనున్న నీల్ దీవిది అతని తోటి సేనాని జేమ్స్ నీల్ పేరు. జపాన్ ఆక్రమణ కాలంలో, 1943 డిసెంబరులో, సుభాష్ చంద్రబోస్ పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేశారు. అండమాన్, నికోబార్లను షహీద్, స్వరాజ్ అన్నారు. డెబ్బై అయిదేళ్ల తర్వాత, 2018 డిసెంబరులో, ప్రభుత్వం ఆ పేర్లను ఈ రెండు చిన్న దీవులకు పెట్టింది. నీల్ షహీద్ ద్వీప్ అయింది, హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురంగా మారింది. యాత్రికుల నోట మాత్రం పాత పేర్లే ఆడుతున్నాయి.

తెలుగువారి రెండో దారి పొట్టకూటిది. స్వాతంత్ర్యం వచ్చాక తూర్పు బెంగాల్ శరణార్థులకు అండమాన్‌లో భూములిచ్చారు. హేవ్‌లాక్‌లో అడవి కొట్టి వరి, కొబ్బరి వేసింది వాళ్లే. గోవింద్‌నగర్, రాధానగర్, విజయ్‌నగర్ వాళ్ల ఊళ్లే. తెలుగువారు ఎక్కువగా పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల స్థిరపడ్డారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల జాలరులు వేట కోసం ఓడెక్కి జంగ్లీఘాట్‌లో దిగారు. విశాఖ నుంచి ఓడలో రెండు మూడు రోజుల ప్రయాణం. ముందు మగవాళ్లు, తర్వాత కుటుంబాలు, ఆ తర్వాత బంధువుల ఊళ్లు, మామూలు వలసల వరసే. 2011 జనగణన నాటికి దీవుల జనాభాలో సుమారు 13 శాతం మందికి మాతృభాష తెలుగు. అక్కడి ప్రభుత్వ బడుల్లో తెలుగు మాధ్యమం కూడా నడిచింది.

డైవింగ్ కూడా మొదట పొట్టకూటి పనే. 1930 ప్రాంతంలో జపాన్ ఈతగాళ్లు ఈ నీళ్లలో ట్రోకస్, టర్బో గవ్వల కోసం మునిగేవారు. చొక్కా గుండీలు చెయ్యడానికి ఆ గవ్వల లోపలి ముత్యపు పొర కావాలి. తర్వాతి దశాబ్దాల్లో స్థానికులు ఆ పని అందుకున్నారు. మన చెరువుల్లో, కాలువల్లో మునిగినవారిని వెతికే గజ ఈతగాళ్ల మాదిరే వీళ్లకూ ఊపిరి బిగబట్టడం తప్ప వేరే సాధనం లేదు. స్కూబా సిలిండర్లు పెద్ద ఎత్తున దిగింది చాలా ఆలస్యంగా, ఇంచుమించు ఈ శతాబ్దం మొదట్లో. 1925లో అటవీ పనుల కోసం బర్మా నుంచి తెచ్చిన కరెన్ కుటుంబాల వారసులు కొందరు ఈ కొత్త పనిలో గైడ్లయ్యారు. జానీస్ గార్జ్, డిక్సన్స్ పినకిల్ లాంటి డైవింగ్ చోట్లకు అలాంటి స్థానికుల పేర్లే ఉన్నాయి. సేనానుల పేర్లున్న దీవుల చుట్టూ గైడ్ల పేర్లున్న పగడపు దిబ్బలు!

ఈ దీవుల్లో ఇప్పుడు కనిపించే ప్రశాంతత మొదటి నుంచీ ఉన్నది కాదు. అడవిలో దుంగలు లాగడానికి ఏనుగుల్ని ఓడల్లో తెచ్చేవారు. అవి దీవి నుంచి దీవికి ఈదేవి. 2002లో సుప్రీంకోర్టు కలప నరకడాన్ని గట్టిగా కట్టడి చేసింది. ఈత వచ్చిన ఆ ఏనుగుల్లో చివరిదైన రాజన్ 2016లో హేవ్‌లాక్‌లో చనిపోయింది. సముద్రం వైపు 1983లో వండూర్ దగ్గర మహాత్మాగాంధీ సాగర జాతీయ ఉద్యానం, 1996లో హేవ్‌లాక్ పొరుగు దీవుల్ని కలుపుతూ రాణీ ఝాన్సీ సాగర జాతీయ ఉద్యానం ఏర్పడ్డాయి. 2004లో టైమ్ పత్రిక రాధానగర్ తీరాన్ని ఆసియాలో మేటిగా ఎంచింది. అదే ఏడు డిసెంబరు 26న సునామీ వచ్చింది. పగడాలకు మరో పెద్ద దెబ్బ 2010 వేసవిలో తగిలింది. నీళ్లు వేడెక్కి, రంగునిచ్చే నాచుజీవులు వెళ్లిపోయి, దిబ్బలు చాలాచోట్ల తెల్లబడ్డాయి. కొన్ని తేరుకున్నాయి, లోతు తక్కువ చోట్ల కొన్ని తేరుకోలేదు.

మూడో దారి విమానానిది, అది సముద్రానికి దూరమైన హైదరాబాద్ నుంచి సాగుతుంది. తెలుగు సినిమా మద్రాసులో ఉన్నంతకాలం దానికి సముద్రం ఇరుగుపొరుగు. 1976 జనవరిలో అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచింది మాత్రం బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్ గుట్టల నడుమ. తర్వాత ఫిల్మ్‌నగర్ వెలిసింది. 1978 నాటి మరో చరిత్ర సినిమా లాగే సముద్రం కావాలంటే విశాఖకో భీమిలికో పోవాల్సిందే. ఈ గుట్టల మీద కాపురం ఉండేవారికి దగ్గరి తీరం కూడా రెండున్నర వందల కిలోమీటర్లకు పైనే. పక్కనున్న ప్రకృతి అల్లా కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం, సుమారు 390 ఎకరాలు. హేవ్‌లాక్ దానికి యాభై రెట్లకు పైనే ఉంటుంది.

జూబ్లీ హిల్స్ నుంచి బయల్దేరేవారికి నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అనువైన కాలం. మే నుంచి రుతుపవనాల ఉధృతికి పడవలు తరచూ ఆగుతాయి. పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్ ప్రభుత్వ పడవలో రెండు, రెండున్నర గంటలు. మన గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడ సమీపం నుంచి పోతుంది. హేవ్‌లాక్ ఇంచుమించు 93 డిగ్రీల మీద ఉంది కాబట్టి అక్కడ పొద్దు నలభై నిమిషాలు ముందే వాలుతుంది. శీతాకాలంలో సాయంత్రం అయిదు దాటగానే చీకటి, అందుకే డైవింగ్ అంతా పొద్దున్నే. సందడి వద్దనుకునేవారికి నీల్ మేలు. అది చిన్నది, చదునైనది, అండమాన్‌కు కూరగాయలు పండించే దీవి.

ఈత రానివారిని గైడ్లు చేయిపట్టి పన్నెండు మీటర్ల లోపు దింపుతారు. సొంతంగా దిగాలంటే మూడు నాలుగు రోజుల శిక్షణ, రెండు వందల మీటర్ల ఈత తప్పవు. ఆ శిక్షణతో పద్ధెనిమిది మీటర్ల దాకా వెళ్లొచ్చు. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు ముందే వైద్యుణ్ణి అడగాలి. పగడం ముక్క, చచ్చినదైనా, తెచ్చుకోవడం వన్యప్రాణి చట్టం కింద నేరం.

రోజుకు రెండు మూడు సార్లు మునిగినవారికి ఒంట్లో నత్రజని మిగిలిపోతుంది. కనీసం పద్ధెనిమిది గంటలు గడిచాకే విమానం ఎక్కాలి. ఆ ఖాళీ రోజు ఎక్కువమందికి పోర్ట్ బ్లెయిర్‌లో గడుస్తుంది. ఏడు రెక్కల్లో మూడే మిగిలిన సెల్యులార్ జైలు చూసి జంగ్లీఘాట్ చేపల రేవుకు వస్తే, వల బాగుచేసుకునేవారి మాటల్లో శ్రీకాకుళం యాస వినిపిస్తుంది.