దాగు, దాచు

పాండవుల నుంచి మనకొచ్చిన మాట అజ్ఞాతం: అ-జ్ఞాతం, తెలియనిది. 1948లో కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య వెళ్లిందీ అజ్ఞాతంలోకే. నేడు పోలీసులకు దొరకని నాయకుడికీ పత్రికలు అదే మాట వాడేస్తున్నాయి, కాస్త చవకగా. కానీ ఆ మాటలో వెళ్లినవాడే కనిపిస్తాడు, అన్నం పెట్టినవాడు కనిపించడు. కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో వినిపించే ‘దాసిపెట్టుడు’లో, అంటే దాచిపెట్టడంలో, ఆ రెండోవాడున్నాడు. కాగు-కాచు, తూగు-తూచు లాగే దాగు-దాచు జంట. దాగడం ఒక్కడి పని. దాచడానికి ఇద్దరు కావాలి.

నాజీల ఆక్రమణలో డచ్చివాళ్లు దాగడాన్ని ‘ఆండర్‌డైకెన్’ అన్నారు, అంటే నీట మునగడం. అదీ ‘దాగు’ వైపు మాటే. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1942 నుంచి 1944 ఆగస్టు దాకా పుస్తకాల బీరువా వెనుక గదుల్లో ఎనిమిదిమంది యూదులు బతికారంటే, కూరగాయల సంచి మోసుకొచ్చిన మీప్ హీస్ లాంటివాళ్లు ఉన్నారు కనుక. దొంగసొత్తునూ దాచిపెట్టడమే అంటాం కదా, అందులో గౌరవమేముందని అడగొచ్చు. నిజమే, ఈ క్రియ మంచిచెడ్డలు చెప్పదు. దాచిన చేయి ఒకటుందని మాత్రం చెబుతుంది. అజ్ఞాతం ఆ పాటి కూడా చెప్పదు.