సిసిలీ ద్వీపము - శంషాబాదు జాగీరు

ఎక్కడి మధ్యధరా సముద్రము, ఎక్కడి శంషాబాదు అని మీకు తోచవచ్చును. మా శంషాబాదు పాయగా నవాబుల జాగీరుగా నుండెను. ఊరి పేరే వారి 'శంసుల్ ఉమరా' బిరుదము నుండి వచ్చినది. నేల దున్నువాడొకడు, దానిపై నేలికయొకడు. ఈ వరుస సిసిలీలోను ఉండెను. అందుచేతనే ఆ ద్వీపచరిత్ర మనము వినదగినది.

ఇటలీ దేశము కాలిజోడు ఆకారమున నుండునని బడిలో చెప్పెడివాడను. ఆ జోడు మునివ్రేళ్లకు ఎదురుగా నున్న ముక్కోణపు ద్వీపమే సిసిలీ. మధ్యధరా ద్వీపములలో నిదియే పెద్దది. నడుమనున్న మెస్సీనా జలసంధి ఇఱుకైన తావున 3 కిలోమీటర్లు మాత్రమే. తూర్పున ఎట్నా అగ్నిపర్వతము. దాని బూడిద కలిసిన నేలలో ద్రాక్ష, నారింజ తోటలు. లోపలి మెట్టలలో గోధుమ. ఆ గోధుమయే పరులను పిలిచినదని నా తలంపు. గ్రీకులు, కార్తేజివారు, రోమనులు, అరబ్బులు, నార్మనులు వరుసగా వచ్చి యేలిరి. 1130లో పలెర్మోలో పట్టము కట్టుకొనిన రోజరు రాజు కొలువులో గ్రీకు, లాటిను, అరబ్బీ మూడును నడచెను. ఉర్దూ దస్తావేజులను, తెలుగు లెక్కలను ఒకే కచేరిలో చూచిన మన తాతలకు ఇది వింతగా తోచియుండదు.

ఆ రాజులు పోయిరి కాని, ప్రభువుల పట్టు పోలేదు. 1812లో సిసిలీ శాసనసభ జాగీరు హక్కులను రద్దుచేసెను. అయిన ఫలమేమి? తీర్పు చెప్పు అధికారము పోయినది. భూమి మాత్రము ప్రభువులకే సొంత ఆస్తియై నిలిచినది. పశువులను మేపుకొను, కట్టెలు తెచ్చుకొను పాతహక్కులు రైతులకు చాలచోట్ల జాఱిపోయెను. నడుమ గుత్తదారులు బలిసిరి. 1861లో ద్వీపము ఇటలీ రాజ్యమున చేరినను రైతు స్థితి మాఱలేదు. 1946లో సిసిలీకి ప్రత్యేక స్వపరిపాలన లభించెను. పలెర్మోలో శాసనసభ యేర్పడెను. పెద్ద కమతములను పంచు చట్టమును ఆ సభ 1950లో చేసెను. హక్కు రద్దునకును, పంపకపు చట్టమునకును నడుమ 138 ఏండ్లు!

ఇక మన సంగతి. పాయగా వారు నిజాముకు గుఱ్ఱపు దండును పోషించుటకై జాగీరులు పొందినవారు. వారికి సొంత న్యాయస్థానములు, పోలీసు ఉండెను. 1949 ఆగస్టు 15న జాగీరులు రద్దయ్యెను. మఱుసటి యేడే కౌలుదారీ చట్టము వచ్చెను. అది కొన్నేండ్లుగా దున్నుచుండిన వానిని రక్షిత కౌలుదారుగా గుర్తించెను. పిమ్మట చేర్చిన 38-ఇ సెక్షను వానికి యాజమాన్యపు పత్రమిచ్చుటకు దారి చూపెను. సిసిలీ రైతు తరతరములు వేచిన మేలు మనకు చట్టములో త్వరగానే వచ్చినది. కాని కాగితము చేతికి రావలెను గదా! 2008లో విమానాశ్రయము తెఱచిన పిదప ఇక్కడి నేల వెల ఆకాశమునంటెను. నాడు పత్రము పుచ్చుకొన్న యింటికిని, ఏమఱిన యింటికిని వ్యత్యాసము అప్పుడు తెలిసినది. పెట్టె అడుగున ఆ పాత ఉర్దూ కాగితములున్న వారు, చదువగలవారు ఉండగానే వానిని చదివించుకొనవలెను.