రాంటెక్ నుంచి బరంపురం దాకా

1991 జూన్ 21న పి.వి. నరసింహారావు గారు ప్రధానిగా ప్రమాణం చేసిననాడు నాగపూరులోని మా ఇంట పండుగే. నేనప్పుడు బి.కాం. విద్యార్థిని. 1984లోనూ, 1989లోనూ ఆయనను లోక్‌సభకు పంపింది మా పొరుగున ఉన్న రాంటెక్. తెలుగువాడు ఢిల్లీ గద్దెనెక్కాడన్న సంబరంలో ఖజానా సంగతి మాకు పట్టలేదు.

విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకే మిగిలింది. జూలై మొదటి వారంలో రూపాయి విలువను రెండుసార్లు తగ్గించారు. ఆ నెలలోనే రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారం తాకట్టు పెట్టింది. గాజులు కుదువపెట్టి నా ఫీజు కట్టిన అమ్మ ఆ వార్త విని మాట్లాడలేదు. జూలై 24న చాలా పరిశ్రమలకు లైసెన్సుల బెడద తొలగింది. ఆశ చిగురించింది.

1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలింది. దాన్ని ఆపలేకపోయిన ప్రభుత్వమూ ఆయనదే.

1996లో కాంగ్రెస్ ఓడినా నంద్యాల, ఒడిశాలోని బరంపురం రెండూ ఆయనను గెలిపించాయి. ఆయన బరంపురాన్నే ఉంచుకున్నారు. రాష్ట్రం బయటి తెలుగువారికి అదొక తృప్తి.

ఇన్నేళ్లుగా బ్యాంకులో పద్దులు చూస్తున్నాను. ఖాతాదారు మనవాడైనా జమ జమే, ఖర్చు ఖర్చే. ఆయన ఖాతానూ నేను అలాగే చదువుతాను, అభిమానంతోనే.