రోజువారీ చిట్టా నుంచి స్టార్ స్కీమా దాకా

వ్యాపారంలో జరిగే లావాదేవీలను రెండు రకాల పట్టికల్లోకి సర్దే పద్ధతి డైమెన్షనల్ మోడల్. ఎన్ని అమ్ముడుపోయాయి, ఎంత సొమ్ము వచ్చింది అనే అంకెలు ఫ్యాక్ట్ పట్టికలో ఉంటాయి. ఎవరు కొన్నారు, ఎక్కడ, ఎప్పుడు, ఏ సరుకు అనే వివరాలు దాని చుట్టూ డైమెన్షన్ పట్టికల్లో చేరతాయి. ఈ అమరికకే స్టార్ స్కీమా అని పేరు. దీని ఘనతంతా రాల్ఫ్ కింబాల్‌కే కట్టబెట్టడం పరిపాటి. నిజానికి ఫ్యాక్ట్, డైమెన్షన్ అనే మాటలు 1960లలో జనరల్ మిల్స్, డార్ట్‌మత్ కళాశాల కలిసి చేసిన పరిశోధనలో పుట్టాయి. కింబాల్ 1996 నాటి పుస్తకంతో వాటికి ప్రచారం తెచ్చాడు.

ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించిన రిలేషనల్ పద్ధతిలో ఒక సమాచారం ఒక్కచోటే ఉండాలి. బిల్లు రాయడానికి అది భేషుగ్గా ఉంటుంది. ఏడాది అమ్మకాలు ప్రాంతాలవారీగా కావాలంటే మాత్రం ఎన్నో పట్టికలను కలపాలి, ఈలోగా కౌంటర్ దగ్గర బిల్లింగ్ నెమ్మదిస్తుంది. ఈ చిక్కుకు దారి వెతికిన కెనడా సంస్థల కథ ఇక్కడ మొదలవుతుంది. ఒట్టావాలో 1969లో పుట్టిన క్వాజార్ సిస్టమ్స్ 1982లో కాగ్నోస్‌గా మారి, 1990లో పవర్‌ప్లే అనే విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌ను తెచ్చింది. మేనేజర్ ప్రోగ్రామర్ కోసం ఎదురుచూడకుండా రాష్ట్రం నుంచి ఊరికి, ఊరి నుంచి దుకాణానికి తానే దిగి అంకెలు చూసుకోగలిగాడు. అయితే అందుకోసం ముందే లెక్కగట్టి ఉంచే అంకెల అమరికలను, అంటే క్యూబులను, సాధారణంగా రాత్రిపూట కట్టేవారు కాబట్టి పొద్దున కనిపించేవి నిన్నటి అంకెలే. 2007లో ఐబీఎం దాదాపు 500 కోట్ల డాలర్లకు కాగ్నోస్‌ను కొంటున్నట్లు ప్రకటించింది.

అసలు చిక్కు డైమెన్షన్లు మారడంలో ఉంది. ఒట్టావాలో ఉండే కస్టమర్ నది దాటి గటినోకు మారితే రాష్ట్రం ఒంటారియో నుంచి క్యుబెక్ అవుతుంది. పాత చిరునామాను చెరిపి కొత్తది రాస్తే, నిరుడు ఒంటారియోలో జరిగిన అమ్మకాలు కూడా క్యుబెక్ ఖాతాలో పడతాయి. అందుకే పాత వరుసకు ముగింపు తేదీ వేసి, అదే కస్టమర్‌కు కొత్త గుర్తింపు సంఖ్యతో (కీతో) మరో వరుస చేరుస్తారు. ఇలాంటి మార్పులొచ్చినప్పుడు క్యూబులను ఎలా సవరించుకోవాలో 1999లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన అల్బర్టో మెండెల్జోన్, ఆయన సహచరులు శాస్త్రీయంగా చర్చించారు.

నిన్నటి అంకెలతో సరిపెట్టుకోకుండా లైవ్ రిపోర్టులకు దారి చూపింది, ప్రతి మార్పునూ నమోదుచేసే డేటాబేస్ లాగ్. ఒట్టావాకే చెందిన ఈ-కామర్స్ సంస్థ షాపిఫై మొదట్లో, ఫలానా సమయం తరువాత మారిన వరుసలేవని పట్టికలనే విడతలవారీగా అడిగేది. తొలగించిన వరుసలు ఆ ప్రశ్నకు దొరకవు. రెండు విడతల మధ్య రెండుసార్లు మారిన వరుసలో మొదటి మార్పు జాడే ఉండదు. తరువాత మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ లాగ్‌ను డెబీజియం అనే సాధనంతో చదివి, ప్రతి మార్పునూ కాఫ్కా అనే సందేశ వ్యవస్థలోకి పంపే పద్ధతికి మారినట్లు ఆ సంస్థ ఇంజనీర్లు 2021లో వివరించారు.

ఈ వేగం కొత్త తలనొప్పి తెచ్చింది. కస్టమర్ వివరాలకంటే ముందే అతని అమ్మకం వచ్చిపడవచ్చు. అప్పుడు డైమెన్షన్‌లో కీ మాత్రమే ఉన్న వరుసను సృష్టించి, అమ్మకాన్ని దానికి తగిలిస్తారు. వివరాలు అందాక ఆ వరుసను నింపుతారు. ఫ్యాక్ట్ పట్టికను మళ్లీ ముట్టుకోనక్కర్లేదు.