పంట పోయినా మిగిలిన పిండివంట: కాటారం పరిసరాల పండుగ పదార్థాలు, పూల పేర్పు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

పండుగకు ఇంట్లో చేసే పిండివంటలు, పూలతో మట్టితో చేసే చిన్న చిన్న కళారూపాలు ఆచారాలుగానే మన పరిశోధనలలో కనిపిస్తాయి. ఒక ప్రాంతపు పంటలు, అడవి, నీటి వనరులు, స్త్రీల శ్రమ ఎలా మారుతూ వచ్చాయో చెప్పే ఆధారాలుగా వాటిని చదవవచ్చునని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కాటారం పరిసరాలను కేంద్రంగా తీసుకొని పేలాల పిండి, బతుకమ్మ పేర్పు, మలీద, సకినాలు, మోదుగు రంగు అనే అయిదు అంశాలను పరిశీలిస్తుంది. పొలంలో పంట మారినంత త్వరగా పండుగ పళ్లెంలో పదార్థం మారదు. ఆ రెండింటి మధ్య ఉన్న ఎడమే ఇక్కడి ప్రధాన ఆధారం.

కీలక పదాలు: కాటారం, బతుకమ్మ, సకినాలు, మలీద, పేలాల పిండి, స్త్రీల శ్రమ, సాంఘిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

కాటారం నేటి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు ఇది కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఒకవైపు మంథని, మరొకవైపు మహదేవపూర్ మీదుగా ప్రాణహిత గోదావరిలో కలిసే కాళేశ్వరం, ఇంకొకవైపు బొగ్గుగనుల భూపాలపల్లి ఉన్నాయి. చెరువు కింది వరి, మెట్ట చేలు, అడవి – ఈ మూడూ ఒకదానికొకటి నడిచిపోయేంత దూరంలో ఉండటం ఈ ప్రాంతపు ప్రత్యేకత. ఇక్కడి పండుగ సామగ్రి కూడా ఈ మూడు చోట్ల నుండే వస్తుంది. చెరువు బియ్యాన్ని, మెట్ట చేను జొన్నను, గునుగును, అడవి తంగేడును, మోదుగును ఇస్తాయి.

ఈ వ్యాసం పండుగల పౌరాణిక నేపథ్యాల జోలికి పోదు. ఏ పదార్థం దేనితో చేస్తారు, అది ఏ కాలంలో దొరుకుతుంది, ఎవరి చేతుల మీదుగా తయారవుతుంది అన్న ప్రశ్నలకే పరిమితమవుతుంది.

2. పూర్వ పరిశోధన – మిగిలిన ఖాళీ:

తెలుగులో తిండిని చరిత్రకు ఆధారంగా చేసుకొనే మార్గాన్ని సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'తో స్థిరపరిచారు. కావ్యాలలోని వంటలను, ఆటలను, దుస్తులను ఏరి ఆయన ఒక జాతి జీవితాన్ని చిత్రించారు. ఈ పద్ధతికి ఓరుగల్లు ప్రాంత సాహిత్యం గొప్ప వనరు. నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తికి చెందినవాడుగా భావిస్తున్న పాల్కురికి సోమనాథుడు 'పండితారాధ్య చరిత్ర'లో శివరాత్రికి శ్రీశైలం వెళ్లే భక్తజనాన్ని, వారి పాటలను, ఆటలను విస్తారంగా వర్ణించాడు. ఓరుగల్లు వీధులలో సాగే 'క్రీడాభిరామము'లో పూటకూళ్ల ఇంటి భోజనం ప్రసక్తి ఉంది.

అయితే ఈ ఆధారాలకు ఒక పరిమితి ఉంది. పూటకూళ్ల ఇంట్లో వంటకం డబ్బిచ్చి తినే వస్తువు. కవి తినేవాడి పక్కన నిలబడి చూస్తాడు. రాత్రి బియ్యం నానబోసిన చేతులు, తెల్లవారుజామున పిండి దంచిన చేతులు అతని చూపులోకి రావు.

ఆధునిక జానపద పరిశోధన ఈ లోటును కొంత పూరించింది. వరంగల్ ప్రాంతానికి చెందిన బిరుదురాజు రామరాజు 'తెలుగు జానపదగేయ సాహిత్యము' అనే సిద్ధాంతవ్యాసంతో స్త్రీల పాటలకు విశ్వవిద్యాలయ స్థాయి గౌరవం దక్కింది. ఆ దారిలో బతుకమ్మ పాటలపై సేకరణలు, పరిశోధనలు ఎన్నో వచ్చాయి. కానీ తెలుగు శాఖలలో మన దృష్టి ప్రధానంగా పాట మీదనే నిలిచింది. పాట పాడకముందు రెండు మూడు గంటలు సాగే పేర్పు పనిని, ఆ పనిలో వాడే క్రియాపదాలను, కొలతలను అంత శ్రద్ధగా నమోదు చేయలేదు. పాటను వ్రాసుకున్నంత సులభంగా చేతిపనిని వ్రాసుకోలేకపోవడం దీనికి ఒక కారణం కావచ్చు.

3. పేలాల పిండి – పళ్లెంలో మిగిలిన జొన్న:

ఆషాఢ శుద్ధ ఏకాదశి తొలి ఏకాదశి. వానలు మొదలై విత్తనం భూమిలో పడే రోజులివి. ఆనాటి ప్రత్యేక పదార్థం పేలాల పిండి. జొన్నలను మంగలంలో వేయించి, పేలిన వాటిని విసురుకొని, బెల్లం కలుపుతారు. కొందరు యాలకులు చేరుస్తారు. నూనె, నెయ్యి లేకపోయినా జరిగే వంట ఇది.

ఈ సరళతకు కారణం కాలంలోనే ఉంది. ఆషాఢం నాటికి గాదెలో మిగిలేది పోయిన ఏటి గింజ. కొత్త పంట చేతికి రావడానికి ఇంకా నెలలు పడుతుంది. ఉన్న గింజలో కొద్దిగా తీసి, పేల్చి, ఇంటిల్లిపాదీ పంచుకోవడం ఆ ఋతువుకు తగిన పండుగ. తెలంగాణ మెట్ట ప్రాంతాలలో ఒకప్పుడు నిత్యాహారం జొన్న గట్క, జొన్న రొట్టె. వరి అన్నం చాలా ఇళ్లలో పండుగనాటి తిండి. అంటే పేలాల పిండి నిత్యం తినే గింజకే పండుగ రూపం ఇచ్చింది.

నేడు కాటారం పరిసరాల చేలలో పత్తి, మిరప, వరి ప్రధానంగా కనిపిస్తాయి. 2002లో దేశంలో బీటీ పత్తికి అనుమతి లభించిన తరువాత తెలంగాణ మెట్ట భూములలో పత్తి మరింత విస్తరించింది. జొన్న వెనుకబడింది. అయినా తొలి ఏకాదశి వచ్చేసరికి పేలాలు సంతలోనో దుకాణంలోనో కొని తెచ్చి పిండి చేస్తున్నారు. పొలం మరచిన పంటను పండుగ మరువలేదు. జొన్న ఇక్కడి ప్రధాన ధాన్యంగా ఉండేదని చెప్పడానికి గణాంకాలు ఒక ఆధారమైతే, ఈ పిడికెడు పిండి మరొక ఆధారం.

4. బతుకమ్మ – పేర్పు, సద్దులు:

4.1. పూలు, పేర్పు:

భాద్రపద బహుళ అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, ఆశ్వయుజ శుద్ధ అష్టమినాడు సద్దుల బతుకమ్మతో ఈ పండుగ ముగుస్తుంది. దీనికి ముందు ఆడపిల్లలు మట్టితో అంతస్తులుగా బొడ్డెమ్మను చేసి ఆడుకుంటారు. మట్టితో అంతస్తులు కట్టడం నేర్చిన చేతులే తరువాత పూలతో అంతస్తులు పేరుస్తాయి. ఆ విధంగా బొడ్డెమ్మ ఒక పాఠశాల వంటిది.

పేర్పుకు అడుగున తాంబాళమో వెదురు సిబ్బో ఉంటుంది. దానిపై గుమ్మడి ఆకులు పరుస్తారు. తంగేడును వరుసగా చుట్టూ పెట్టి, నడుమ ఖాళీని ఆకులతో, తుంచిన కాడలతో నింపుతారు. గునుగును ఒకే పొడవుకు కోసి, చిన్న కట్టలుగా కట్టి, కొనలను రంగులలో ముంచుతారు. బంతి, చామంతి, కట్ల, బీర పూలు వాటి మధ్య వరుసలుగా చేరుతాయి. పైకి పోయేకొద్దీ చుట్టు తగ్గుతుంది. శిఖరాన గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ. నడుమ నింపిన కాడలు గట్టిగా లేకపోతే చెరువుకు చేరేలోపే బతుకమ్మ ఒరిగిపోతుంది. చూసేవారికి కనిపించని ఆ నింపుడులోనే అసలు నేర్పు ఉంది.

ఈ పూలలో అధికం ఎవరూ విత్తనివి. గునుగు మెట్ట చేలలో తనంత తానుగా మొలిచే కలుపు మొక్క. తంగేడు బీడు భూములలో పూస్తుంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండుగగా, తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. ఒక కలుపు మొక్క, ఒక బీటి పొద – ఇవి పండుగకు కేంద్రం కావడం వెనుక ఆర్థిక తర్కం ఉంది. భూమి లేని ఇంటి ఆడపిల్లకు కూడా పూలు దొరకాలి. చేను ఎవరిదైనా గునుగు కోసుకోవడానికి అభ్యంతరం ఉండేది కాదు. ఈ ఉమ్మడి హక్కు ఏ పట్టాలోనూ వ్రాసి ఉండదు. పండుగే దానికి దస్తావేజు.

కలుపు మందుల వాడకంతో గునుగు చేలలో తగ్గిపోతున్నది. బీడు భూములు సాగులోకో ఇళ్ల స్థలాలలోకో మారుతున్నాయి. దానితో గునుగు, తంగేడు కట్టలు సంతలో అమ్మకానికి వస్తున్నాయి. ఉచితంగా దొరికిన పువ్వుకు ధర పలకడం మొదలైన నాడు ఆ ఉమ్మడి హక్కు చరిత్రలోకి వెళ్లిపోయిందని గుర్తించాలి. బతుకమ్మ పూలు చెరువు నీటిని శుద్ధి చేస్తాయనే వాదన ఇటీవల తరచుగా వినిపిస్తున్నది. పండుగ విలువను నిలబెట్టడానికి ఆ వాదనపై ఆధారపడవలసిన అవసరం లేదు. ఈ ఉమ్మడి హక్కు చరిత్రే అందుకు చాలు.

4.2. తొమ్మిది రోజుల పదార్థాలు:

అటుకుల, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల, వేపకాయల, వెన్నముద్దల – ఇలా రోజుల పేర్లే పదార్థాల పేర్లు. ఆరవ రోజు అలిగిన బతుకమ్మ. ఆనాడు పేర్పు, నైవేద్యం ఉండవు. ఈ పట్టిక ఇప్పుడు పత్రికలలో, పాఠ్యపుస్తకాలలో ఒకే రూపంలో కనిపిస్తున్నది. ఊళ్లలో మాత్రం మొదటి రోజును, సద్దులనే ఘనంగా జరుపుకొనే చోట్లు అనేకం. కనుక ముద్రిత పట్టికను అనేక పాఠాలలో ఒక పాఠంగా మాత్రమే పరిశోధకులు స్వీకరించడం మంచిది.

వేపకాయల బతుకమ్మ ప్రత్యేకంగా గమనింపదగినది. ఆశ్వయుజంలో వేపకాయలు ఉండవు. వేప కాచేది ఎండాకాలంలో. అందుకే బియ్యప్పిండిని వేపకాయల ఆకారంలో చేసి నూనెలో వేయిస్తారు. లేని ఋతువును పిండితో రూపు కట్టించే ఈ చిన్న పనిలో వంట, శిల్పం రెండూ ఉన్నాయి.

సద్దులనాడు పెరుగు, చింతపండు పులుసు, నువ్వులు, కొబ్బరి మొదలైన వాటితో కలిపిన అన్నాలు చెరువుకు తీసుకుపోతారు. 'సద్ది' అన్న మాట 'చద్ది'కి ఈ ప్రాంతపు రూపం. చేను పనికి పోయే మనిషి కట్టుకొనే మూట సద్ది మూట. పొలానికి ఇతరుల కోసం సద్ది మోసిన స్త్రీ సంవత్సరంలో ఒక సాయంత్రం తన కోసం, తన తోటివారి కోసం దానిని మోసుకుపోతుంది.

4.3. మలీద:

సద్దులతోపాటు పంచే మరొక పదార్థం మలీద. రొట్టెను చిదిమి, బెల్లం కలిపి, నెయ్యితో ముద్దలు కడతారు. ఈ పేరు పారసీ పదం. నలిపినది, మర్దించినది అని అర్థం. తెలంగాణ పల్లెలలో పీర్ల పండుగకు, దర్గాల వద్ద ఫాతెహాకు ఇచ్చేదీ మలీదనే. ఒకే పదార్థం గౌరమ్మ ముందూ పీరు ముందూ ఉండటాన్ని సామరస్యం అన్న ఒక్క మాటతో ముగించవచ్చు. కానీ అంతకంటె నిర్దిష్టమైన విషయం ఇందులో ఉంది. శతాబ్దాల గోల్కొండ, ఆసఫ్‌జాహీ పాలనలో పారసీ పదాలు కచేరీలోకి, రెవెన్యూ లెక్కలలోకి వచ్చాయని మనకు తెలుసు. పేరుతో సహా ఒక వంటకం రొట్టె చిదిమే చేతులలోకి రావాలంటే కచేరీతో పని లేదు; ఇరుగుపొరుగు ఉంటే చాలు. భాషా చరిత్ర వ్రాసేవారు ఈ రెండవ దారిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

5. సకినాలు – చేతి నేర్పు, బదులు శ్రమ:

సంక్రాంతికి వానకాలపు వరి ఇంటికి చేరి ఉంటుంది. సకినాలు ఆ బియ్యపు పండుగ. బియ్యాన్ని రాత్రంతా నానబెట్టి, నీరు వంచి, తడి ఉండగానే దంచి జల్లిస్తారు. నువ్వులు, వాము, ఉప్పు వేసి కలుపుతారు. తెల్లని బట్ట పరచి, ముందుగా పిండితో గౌరమ్మను చేసి, ఆ తరువాత సకినాలు చుట్టడం మొదలుపెడతారు. పిండిని వేళ్ల మధ్య నుండి మెలితిప్పుతూ ఒకదాని వెంట ఒకటిగా చుట్లు వేయాలి. కాస్త తడి ఆరిన తరువాత విరగకుండా ఎత్తి నూనెలో వేస్తారు. అచ్చు లేదు, గొట్టం లేదు. పనిముట్టు వేలు ఒక్కటే.

ఈ పేరును 'శకునం'తో ముడిపెట్టే వివరణ ప్రచారంలో ఉంది. అయితే చద్ది – సద్ది, చల్ల – సల్ల వంటి జతలను చూస్తే, నిఘంటువులలోని 'చక్కిలము'తో దీనికి గల సంబంధాన్ని పరిశీలించడం సమంజసం.

సకినాలు ఒక్కరు చేయగలిగే పని కాదు. తడిపిండి ఆరిపోకముందే చుట్టడం పూర్తి కావాలి. కనుక ఇవాళ ఒకరింట్లో, రేపు ఇంకొకరింట్లో అందరూ కూర్చుంటారు. నాట్లకు, కలుపుకు బదులు పోయే పద్ధతే ఇక్కడా కొనసాగుతుంది. పొలంలో బదులు శ్రమ స్థానంలో రోజు కూలి, ఆపై యంత్రం వచ్చినా, సకినాల బట్ట చుట్టూ అది మరికొంతకాలం నిలిచింది. ఆడబిడ్డ అత్తవారింటికి సారెగా పోయే సకినాలలో ఇంటివారి బియ్యంతోపాటు వాడకట్టు స్త్రీల చేతులు కూడా ఉన్నాయన్నమాట.

6. అడవి ఇచ్చిన రంగు:

ఫాల్గుణంలో కాటారం, మహదేవపూర్ అడవులలో మోదుగు ఎర్రగా పూస్తుంది. కాముని పున్నమికి ఆ పూలను మరిగించి రంగు నీళ్లు తీయడం ఇక్కడి పిల్లలకు తెలిసిన విద్య. అదే చెట్టు ఆకులతో ఇస్తరాకులు కుడతారు. ఒకే చెట్టు పండుగకు రంగును, విందుకు పళ్లేన్ని ఇచ్చింది. పొడి రంగుల పొట్లాలు, కాగితపు పళ్లేలు వచ్చాక చెట్టు అడవిలోనే ఉంది. ఊరికీ దానికీ మధ్య రాకపోకలు తగ్గాయి. ఇక్కడ పేలాల పిండికి వ్యతిరేక దిశలో మార్పు జరిగింది. అక్కడ పంట పోయి పదార్థం మిగిలింది. ఇక్కడ చెట్టు ఉండి పని పోయింది.

7. మార్పును ఎలా చదవాలి?

సకినాలు ఇప్పుడు సంవత్సరం పొడవునా దుకాణాలలో దొరుకుతున్నాయి. విదేశాలకు పార్సిళ్లలో పోతున్నాయి. దీనిని సంప్రదాయ పతనంగా చూడడం తొందరపాటు. పండుగ పని స్త్రీలకు ఆనందమే కాదు, భారం కూడా. నడుము విరిగేలా కూర్చొని చుట్టిన సకినానికి ఇంట్లో కూలి లేదు. అదే నేర్పుకు దుకాణంలో ధర ఉంది. కొందరు స్త్రీలకు అది జీవనాధారం. పరిశోధకులు ఈ రెండు వైపులనూ చూడాలి. కొనుక్కోవడం వల్ల ఇంట్లో ఎవరికి ఎంత వెసులుబాటు కలిగింది? వాడకట్టులో ఏ కూడిక ఆగిపోయింది? ఈ రెండు ప్రశ్నలను కలిపి అడిగినప్పుడే అది చరిత్ర అవుతుంది.

8. ముగింపు:

పై పరిశీలన నుండి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, పండుగ పదార్థం పంట కంటె నెమ్మదిగా మారుతుంది. ఆ ఆలస్యం వల్లనే అది గత వ్యవసాయానికి ఆధారం అవుతుంది. రెండవది, గునుగు, తంగేడు, మోదుగు వంటివి భూమిపై ఉమ్మడి హక్కుల చరిత్రను చెబుతాయి. మూడవది, మలీద, సద్ది, సకినం వంటి మాటలు రాజకీయ చరిత్రలో కనిపించని ఇరుగుపొరుగు చరిత్రను నిలిపి ఉంచాయి.

తెలుగు శాఖలు ఇకపై బతుకమ్మ పాటను సేకరించేటప్పుడు, పాడిన స్త్రీ ఆనాడు పూలను ఎక్కడ కోసింది, కొన్నదా, కాడలను ఎలా నింపింది, ఆ పనిని ఏమని పిలిచింది, ఎవరి దగ్గర నేర్చుకుంది అన్న వివరాలను కూడా నమోదు చేయాలి. రోట్లో దంచిన పిండికీ గిర్ని పట్టించిన పిండికీ తేడా వేళ్లతో చెప్పగలిగిన తరం ఇంకా మన ఇళ్లలోనే ఉంది. వారి వద్దకు వెళ్లడానికి ప్రత్యేకమైన ప్రాజెక్టు నిధులేవీ అవసరం లేదు. వచ్చే సంక్రాంతికి సకినాల బట్ట పక్కన ఒక నోటుపుస్తకంతో కూర్చుంటే పని మొదలవుతుంది.