పని ముగిసినా వీడని పన్ను
గుత్తేదారులకు పాత లెక్కల గుబులు

తెనాలి, బాపట్ల, రేపల్లె: వేసవిలో కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలకు నీరు నిలిపివేసిన తరువాత, తిరిగి విడుదల చేసేలోగా పూడికతీత, గట్ల పటిష్ఠత, తూముల మరమ్మతులు ముగించవలసి ఉంటుంది. కొమ్మమూరు కాలువ పనులైనా, రేపల్లె మెయిన్ డ్రెయిన్, నల్లమడ వాగు పనులైనా, టెండరు వేసే గుత్తేదారు ఆనాడు అమలులో ఉన్న పన్నును లెక్కగట్టి ధర కోట్ చేస్తాడు. ఒప్పందంపై సంతకం జరిగిన తరువాత ఆ ధర సాధారణంగా మారదు. చట్టం మాత్రం మారుతుంది. కొన్ని సందర్భాలలో వెనుకటి తేదీ నుంచే మారుతుంది. ఏళ్ల తరువాత అదనపు పన్ను కట్టమని నోటీసు వస్తే, ఆ సొమ్మును పని అప్పగించిన శాఖ నుంచి రాబట్టుకునే దారి చాలామందికి ఉండదు. గుత్తేదారుల ఆవేదనకు మూలం ఇదే.

ఏడేళ్ల వెనక్కు వెళ్లిన వివరణ

ఆదాయపు పన్ను చట్టంలోని 80-ఐఏ సెక్షన్ రోడ్లు, వంతెనలు, సాగునీటి, తాగునీటి ప్రాజెక్టులను అభివృద్ధి చేసే సంస్థలకు లాభాలపై పదేళ్లపాటు నూరు శాతం మినహాయింపు కల్పించింది. 2007 ఆర్థిక చట్టం ఈ సెక్షన్‌కు ఒక వివరణను జోడించి, పనుల కాంట్రాక్టు చేసేవారికి ఆ మినహాయింపు వర్తించదని పేర్కొన్నది. 2009లో ఆ వివరణను తిరగరాసి, ప్రభుత్వం అప్పగించిన పనులను కూడా దాని పరిధిలోకి తెచ్చారు. రెండింటికీ అమలు తేదీ 2000 ఏప్రిల్ 1. దీనితో అప్పటికే రిటర్నులు దాఖలు చేసి మినహాయింపు పొందినవారి లెక్కలు వివాదంలో పడ్డాయి.

వివరణ ఉన్న చట్టాన్ని స్పష్టం చేసిందే తప్ప కొత్త భారం మోపలేదంటూ గుజరాత్ హైకోర్టు 2013లో కటీరా కన్‌స్ట్రక్షన్ కేసులో దానిని సమర్థించింది. అయితే సొంత పెట్టుబడి పెట్టి, నష్టభయాన్ని తలకెత్తుకుని, ప్రాజెక్టు బాధ్యత అంతా వహించినవారు కేవల గుత్తేదారులు కారని హైదరాబాద్‌లోని ఆదాయపు పన్ను అప్పీలు ట్రైబ్యునల్ పలు కేసులలో ఊరట ఇచ్చింది. వొడాఫోన్ వివాదానికి కారణమైన 2012 నాటి పూర్వకాల సవరణ ఫలితాన్ని కేంద్రం 2021లో ఉపసంహరించుకున్నది. గుత్తేదారులపై తెచ్చిన వివరణకు అటువంటి ఉపసంహరణ జరగలేదు.

సేవా పన్ను: ఒకరికి చేదు, మరొకరికి ఊరట

పనుల కాంట్రాక్టులపై ప్రత్యేకంగా సేవా పన్ను 2007 జూన్ 1న మొదలైంది. మొత్తం విలువపై 2 శాతం చెల్లించే కాంపోజిషన్ పథకాన్నీ అప్పుడే ప్రవేశపెట్టారు. 2008 మార్చి 1 నుంచి ఆ రేటు 4 శాతమైంది. అంతకుముందే ఇతర పద్దుల కింద పన్ను కట్టి, పని కొనసాగిస్తున్నవారు ఈ పథకంలోకి మారరాదని 2008 జనవరి 4న సర్క్యులర్ వెలువడింది. హైదరాబాద్‌కు చెందిన నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ దీనిని సవాలు చేసినా హైకోర్టులోను, 2012లో సుప్రీంకోర్టులోను ఓడిపోయింది. పన్ను చెల్లించకముందే ఐచ్ఛికం ఎంచుకోవాలన్న నిబంధనే అక్కడ నిర్ణాయకమైంది.

ఇక 2007 జూన్‌కు ముందు చేసిన అవిభాజ్య పనుల కాంట్రాక్టులపై సేవా పన్ను విధించే వీలే లేదని 2015 ఆగస్టు 20న లార్సెన్ అండ్ టూబ్రో కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పాత నోటీసులతో పోరాడుతున్నవారికి అది పెద్ద ఊరట. రాష్ట్ర వ్యాట్ చట్టం కింద ఉప గుత్తేదారు చేసిన పని విలువను ప్రధాన గుత్తేదారు టర్నోవరులో మళ్లీ కలపరాదని కూడా 2008లో ఇదే సంస్థకు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి మధ్య నడిచిన కేసులో ఆ కోర్టు తేల్చింది.

బిల్లు ఆలస్యమైతే కొత్త రేటు

జీఎస్టీ 2017 జూలై 1న వచ్చింది. మట్టిపని విలువ 75 శాతం మించిన ప్రభుత్వ పనులకు 2017 అక్టోబరు 13 నుంచి రేటు 5 శాతం. 2022 జూలై 18న అది 12కు, 2025 సెప్టెంబరు 22న 18కి పెరిగింది. ఈ పెంపు వెనుకటి తేదీకి వర్తించేది కాదు. అయినా చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం, పని పాత రేటు కాలంలో పూర్తయినా ఇన్వాయిసు, చెల్లింపు రెండూ రేటు మారిన తరువాతనే జరిగితే కొత్త రేటే పడుతుంది. మార్పుకు ముందే ఇన్వాయిసు ఇచ్చి ఉంటే, సొమ్ము ఆలస్యంగా అందినా పాత రేటు నిలుస్తుంది. బిల్లుల మంజూరులో జాప్యం వడ్డీ భారంతోనే ఆగదనడానికి ఇది నిదర్శనం.

పత్రాలే రక్ష

జీఎస్టీ లెక్కలను ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలపాటు భద్రపరచాలి. 2024-25 నుంచి వార్షిక రిటర్ను గడువు దాటిన 42 నెలలలోగా అధికారులు నోటీసు ఇవ్వవచ్చు. ఉత్తర్వుపై మూడు నెలలలోగా అప్పీలు చేసుకోవచ్చు. అందుకు వివాదాస్పద పన్నులో 10 శాతం ముందుగా చెల్లించాలి. టెండరు షెడ్యూలు, ఒప్పంద ప్రతి, ఎం.బుక్ నకళ్లు, ఉప గుత్తేదారుతో కుదుర్చుకున్న పత్రాలు, పథకం ఎంచుకున్నట్లు తెలిపే లేఖ, దాని అందిన రసీదు పని ముగిశాక కూడా దాచుకోవాలి. పన్ను రేటు మారితే తేడా ఎవరు భరించాలో ఒప్పందంలో ఉన్నదీ లేనిదీ సంతకానికి ముందే చూసుకోవాలి. పైన చెప్పిన తీర్పులను గమనిస్తే, పథకం ఎప్పుడు ఎంచుకున్నారు, పని ఎవరు చేశారు, నష్టభయం ఎవరు మోశారు అన్న ప్రశ్నలపైనే ఫలితాలు ఆధారపడ్డాయి. పదేళ్ల తరువాత ఆ ప్రశ్నలకు సమాధానం చెప్పగలిగేవి ఆ కాగితాలే.